డబ్బా మాస్టారి శిష్యురాలు

అలారం నాలుగూ యాభైకి మోగాల్సి ఉండగా, కండక్టరమ్మ నాలుగూ నలభై అయిదుకే లేచి దాని నోరు నొక్కేసింది. ఆమె పథకం ప్రకారం అయిదింటికల్లా భోజనాల బల్ల మీద ట్యాబ్, పెన్సిలు, రఫ్ కాగితాలు సిద్ధంగా ఉండాలి. ఆరున్నర దాకా పాఠాలు. ఆ తర్వాత వంట, స్నానం, ఎనిమిదికి డ్యూటీ. సాయంత్రం ఇల్లు చేరేసరికి ఒంట్లో మోకాళ్ళు తప్ప ఇంకేమీ ఉన్నట్టు తెలియదు కాబట్టి ఆ పూట చదువు ఊసే లేదు. పరీక్షకు ముప్పై అయిదు రోజులుంది. ముప్పై అయిదు గళ్ళు గీసిన కాగితం వంటింటి తలుపు మీద అంటించి ఉంది. రోజుకొక గడి కొట్టేయాలి. ఆరు నూరైనా కొట్టేయాలి.

పంతొమ్మిదేళ్ళుగా ఆమె సిటీ బస్సులో నిలబడి టిక్కెట్లు ఇస్తోంది. "ఇంకో రెండేళ్ళు ఇలాగే నిలబడితే, ఆ తర్వాత కూర్చోవడానికి కూడా పనికిరావమ్మా" అని ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూపించి మరీ చెప్పాడు. డిపోలో కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం ఆమె అర్హతకు ఒక్కటే ఉంది. కంట్రోలరు. ఏ రూటుకు ఎన్ని బస్సులు వెయ్యాలి, ఏది ఎన్నింటికి బయల్దేరాలి, ఎవరికి ఏ డ్యూటీ పడాలి అని లెక్క కట్టేది కంట్రోలరే. దానికి పరీక్ష ఉంది. నలభై అయిదేళ్ళు నిండకముందు మూడంటే మూడుసార్లే రాయనిస్తారు. రెండుసార్లు రాసి తప్పింది. నలభై అయిదు నిండడానికి ఇంకా రెండు నెలలే ఉంది.

ఆ రెండుసార్లూ పాఠాలు చెప్పింది సుద్దముక్క పట్టుకున్న ఒక మాస్టారు. రెండోసారి తప్పినప్పుడు ఆయన ముప్పైమంది ఎదుట, ఎంతో దయగా, "కొందరి బుర్రలకి లెక్కలు ఎక్కవమ్మా. అందులో మీ తప్పేం లేదు" అన్నాడు. తిట్టి ఉంటే మరిచిపోయేది. ఆ దయ మాత్రం రెండేళ్ళుగా అరికాల్లో ముల్లులా ఉంది.

ఈసారి సుద్దముక్క పోయి ట్యాబ్ వచ్చింది. పరీక్ష రాసేవాళ్ళందరికీ ట్రైనింగ్ ఆఫీసరు తలా ఒకటి ఇచ్చింది. అందులోని కంప్యూటరు పాఠం చెబుతుంది, ప్రశ్న అడుగుతుంది, మనం ఏది ఎలా తప్పు చేశామో చూసి మన సంగతి నేర్చుకుంటుంది. వచ్చినవాళ్ళను పై పాఠానికి ఎక్కిస్తుంది, రానివాళ్ళను కిందికి దించుతుంది. చివరికి పరీక్ష పేపరు కూడా మనిషిని బట్టి అదే తయారు చేస్తుంది. డిపోలో దానికి డబ్బా మాస్టారు అని పేరు పెట్టారు.

మొదటిరోజు డబ్బా మాస్టారు మూడో పాఠంలో ఇలా అడిగాడు. బస్సు వెళ్ళడానికి యాభై నిమిషాలు, రావడానికి యాభై, రెండు చివరలా పదేసి నిమిషాలు ఆగుతుంది. పావుగంటకొక బస్సు నడపాలంటే మొత్తం ఎన్ని బస్సులు కావాలి?

కండక్టరమ్మ పెన్సిలు కొరికి, 'తొమ్మిది' అని నొక్కింది.

'తప్పు. ఎనిమిది' అని ఎర్రగా వచ్చింది.

"ఎనిమిది ఎలా సరిపోతాయయ్యా మాస్టారూ? ఒకటి ఎప్పుడూ షెడ్డులోనే ఉంటుందిగా!" అంది ఆమె ట్యాబ్‌తో. ఆమె నిట్టూర్చి, కాగితం మీద నూట ఇరవైని పదిహేనుతో భాగించి, ఎందుకు ఎనిమిదో నాలుగుసార్లు రాసుకుంది. మొదటి గడి కొట్టేసింది. ట్యాబ్‌ను ఛార్జింగులో పెట్టి డ్యూటీకి వెళ్ళిపోయింది.

ఇంతవరకూ పథకం చక్కగా నడిచింది. ఇబ్బంది ఏమిటంటే, పథకంలో లేనివాళ్ళు ఆ ఇంట్లో ముగ్గురున్నారు.

ఇంటి ముందుగది ఆమె భర్త దర్జీ దుకాణం. ఇంట్లో ఖాళీగా ఉండే ప్లగ్గు అక్కడే, ఇస్త్రీపెట్టె పక్కన ఉంది. అందువల్ల ట్యాబ్ పగలంతా ఆయన కత్తిరింపుల బల్ల మీదే కాపురం. దాన్ని తెరిచే అంకె ఆమె బ్యాడ్జి నంబరు. ఆ ఇంట్లో ఫోన్లకూ, పెట్టెలకూ, సైకిలు తాళానికీ కూడా అదే నంబరు. అదేమంత రహస్యం కాదు.

ఆ మధ్యాహ్నం దర్జీ భోజనం చేసి, చేతులు తుడుచుకుని, ట్యాబ్ తెరిచాడు. పెళ్ళాం పొద్దున్నే ఎర్రగుర్తు చూసి మొహం వేలాడేసుకోవడం ఆయన తలుపు సందులోంచి చూశాడు. ప్రాణం ఉసూరుమంది. నాలుగు ప్రశ్నలు తాను చేసిపెడితే నాలుగు పచ్చగుర్తులు వస్తాయి, రేపు పొద్దున్న ఆవిడ మొహం కళకళలాడుతుంది అనుకున్నాడు. ఆలోచన బంగారంలాంటిది. బస్సుల ప్రశ్నే మళ్ళీ అంకెలు మారి వచ్చింది. సరైన జవాబు పది. దర్జీ 'పన్నెండు' అని నొక్కాడు. గుడ్డ ఎప్పుడూ రెండు మూరలు ఎక్కువే తీసుకోవాలి, కుట్లలో పోతుంది అన్నది ఆయన పాతికేళ్ళ అనుభవం. ఎర్రగుర్తు వచ్చింది. దీనికి కుట్టుపని తెలియదు అనుకుని, అదే ధీమాతో ఇంకో పది ప్రశ్నలకు జవాబులిచ్చాడు.

మూడింటికి అత్తగారు మధ్యాహ్నం కునుకు తీసి లేచారు. ఆవిడ ముప్పై రెండేళ్ళు హైస్కూల్లో లెక్కల టీచరు. ఎక్కడ తప్పు లెక్క కనబడినా ఆవిడ కుడిచెయ్యి ఎర్రసిరా పెన్ను కోసం తడుముకుంటుంది. కోడలికి తానే నేర్పించవచ్చు కదా అంటారేమో. పెళ్ళయిన కొత్తలో నేర్పించారు. ఒక్క గంట పాఠం తర్వాత అత్తాకోడళ్ళ మధ్య నాలుగు రోజులు మాటల్లేవు. 'ఈ ఇంట్లో చదువు సంగతులు ఎత్తకూడదు' అని ఆనాడు కుదిరిన ఒప్పందం ఇరవై రెండేళ్ళుగా అమల్లో ఉంది.

ఒప్పందం కోడలితోనే, ట్యాబ్‌తో కాదు. దర్జీ కొలతలు తీసే పనిలో ఉండగా ఆవిడ కళ్ళజోడు సవరించుకుని తెర మీదికి వంగారు. "పన్నెండా! ఎవరు చేశారమ్మా ఈ ఘనకార్యం?" అని గొణుక్కున్నారు. కోడలే చేసిందనుకుని జాలిపడ్డారు. ఆ జాలితోనే పది ప్రశ్నలు చేశారు, పరువుతో ఇంకో ఇరవై చేశారు, ఆ తర్వాత ఆపలేక చేశారు. పచ్చగుర్తు పడినప్పుడల్లా డబ్బా మాస్టారు 'చాలా బాగుంది!' అనేవాడు. ముప్పై రెండేళ్ళలో ఏ హెడ్మాస్టరూ ఆవిడతో ఆ మాట అనలేదు.

అయిదింటికి కూతురు కాలేజీ నుంచి వచ్చింది. ఆ పిల్ల చదివేది కంప్యూటర్లే. ఆ వారమే క్లాసులో చెప్పారు, యంత్రం కూడా మనలాగే ఉదాహరణలు చూసి నేర్చుకుంటుందనీ, మనం ఏది చూపిస్తే దాన్నే నమ్ముతుందనీ. కూతురు అమ్మ ట్యాబ్ తెరిచి చూసి ఉలిక్కిపడింది. 'స్థాయి: పదకొండో పాఠం.' పొద్దున మూడో పాఠం దగ్గర పెన్సిలు కొరికిన అమ్మ సాయంత్రానికి పదకొండులో ఎలా ఉంది? యంత్రం అమ్మను పెద్ద పండితురాలనుకుంటోంది. పరీక్షలో తలలు తిరిగే ప్రశ్నలిస్తుంది. అమ్మ మునిగిపోతుంది. అలా కాకుండా అమ్మకు ఏమీ రాదని దాన్ని నమ్మిస్తే తేలిక పేపరు ఇస్తుంది కదా! కూతురు మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని అరవై ప్రశ్నలకు అరవై తప్పులు చేసింది. ప్రతిసారీ ముందు సరైన జవాబు ఏదో చూసుకుని, దాని పక్కది నొక్కింది.

మర్నాడు అయిదింటికి కండక్టరమ్మ ట్యాబ్ తెరిచేసరికి డబ్బా మాస్టారు, 'ఈరోజు ఒకటి నుంచి వంద వరకు అంకెలు నేర్చుకుందాం' అన్నాడు.

ఆమె చాలాసేపు ఆ వాక్యం వంక చూసింది. 'కొందరి బుర్రలకి ఎక్కవమ్మా' అన్న మాట గుర్తొచ్చింది. ఆ సుద్దముక్క మాస్టారైనా తనకు అంకెలు వచ్చని ఒప్పుకున్నాడు. "సరే. నువ్వు మాస్టారివి. ఒకటి నుంచే చెప్పు" అని పళ్ళు బిగబట్టి, ఒకటి నుంచి వంద దాకా ఒక్క తప్పు లేకుండా చేసింది. గడి కొట్టేసింది.

ఆ మధ్యాహ్నం అత్తగారు ట్యాబ్ చూసి నోరెళ్ళబెట్టారు. తన ఇంటి కోడలికి అంకెలు నేర్పుతున్నాడా వీడు! నలభై లెక్కలు చేసి పారేశారు. సాయంత్రం కూతురు చూసింది, ఈసారి ఏకంగా పద్నాలుగో పాఠం. ఈ యంత్రానికి ఎంత చెప్పినా అర్థం కావడం లేదనుకుని ఎనభై తప్పులు చేసింది. మధ్యలో దర్జీ రోజూ భోజనం తర్వాత వచ్చి, తన వంతు సాయంగా కుట్లలో పోయే గుడ్డ కలిపి వెళ్ళేవాడు. ముగ్గురిలో ఏ ఒక్కరికీ మిగతా ఇద్దరి సంగతి తెలియదు. ముగ్గురూ కండక్టరమ్మ మీద ప్రేమతోనే చేస్తున్నారు. అందుకే ఎవరూ నోరు విప్పలేదు.

ఆమె మాత్రం రోజూ తెల్లవారకముందే లేచి, ఆ రోజు మాస్టారు ఏ మూడ్‌లో ఉన్నాడో చూసుకుని కొంగు బిగించేది. కూతురికి తీరిక చిక్కని సాయంత్రం మర్నాడు పదహారో పాఠం అంటే పదహారుకు ఎగబాకేది. రెండో పాఠం అంటే రెండుకు దిగేది. పైనున్నప్పుడు అర్థం కానిది బస్సులో అర్థమయ్యేది. ఒక రూటు బస్సు పన్నెండు నిమిషాలకొకటి, ఇంకోటి పద్దెనిమిది నిమిషాలకొకటి, రెండూ ఒకేసారి బయల్దేరితే మళ్ళీ ఎప్పుడు కలుస్తాయి అన్న లెక్క ఆమెకు ఏ సూత్రంతోనూ రాలేదు. ఒకరోజు స్టాండులో పక్క రూటు కండక్టరుకు చెయ్యి ఊపి, ముప్పై ఆరు నిమిషాల తర్వాత అతనికే మళ్ళీ చెయ్యి ఊపినప్పుడు వచ్చింది. కదిలే బస్సులో అక్కడికక్కడే, "అమ్మయ్యో! ఇదా!" అని అరిచింది. డ్రైవరు ఎవరో పడిపోయారనుకుని బ్రేకు తొక్కాడు.

ఇరవై రోజులు గడిచేసరికి మాస్టారి ధోరణి మారింది. 'మీరు నేర్చుకున్నది త్వరగా మరిచిపోతున్నట్టు కనిపిస్తోంది. తగినంత నిద్రపోండి. మంచినీళ్ళు ఎక్కువగా తాగండి' అన్నాడు. ఆమె ఎక్కువ నీళ్ళు తాగింది. బస్సు డ్యూటీలో ఎక్కువ నీళ్ళు తాగితే కలిగే కష్టం డబ్బా మాస్టారికేం తెలుస్తుంది? ఇంకో అయిదు రోజులకు, 'దయచేసి వైద్యుణ్ణి సంప్రదించండి' అన్నాడు. అదే మాట డిపోకు ఉత్తరంగా కూడా పంపాడు.

డిపో మేనేజరు జాగ్రత్తపరుడు. ఏ కాగితమైనా మొదటి పేజీ ఆఖరిదాకా చదివి, వెంటనే ఏదో ఒక చర్య తీసుకునేవాడు. 'ఈ ఉద్యోగికి ఒకేరోజున అన్నీ తెలియడం, ఏమీ తెలియకపోవడం జరుగుతోంది. ఇందుకు కారణాలు రెండు ఉండవచ్చు. మొదటిది, జ్ఞాపకశక్తి లోపం' అని చదివేసరికి ఆయనకు ముచ్చెమటలు పట్టాయి. కండక్టరమ్మను రూటు మధ్యలోంచి దింపి పిలిపించాడు.

"మీరు ఇవాళ్టి నుంచి బస్సెక్కొద్దమ్మా. దారిలో స్టాపులు మరిచిపోతే జనం ఎక్కడ దిగుతారు?"

"నేను మరిచిపోవడమేంటి సార్? బస్సు వెళ్ళేది డ్రైవరు తిప్పినట్టు. నేను మరిచినా స్టాపులు ఎక్కడికీ పోవు."

"కాగితం వచ్చిందమ్మా, కాగితం. డాక్టరు గారి దగ్గరికి వెళ్ళండి."

డిపో డాక్టరు ఆమెను ఎదురుగా కూర్చోబెట్టి, మూడు మాటలు చెబుతాను, అయిదు నిమిషాల తర్వాత మళ్ళీ అడుగుతాను, గుర్తుంచుకోండి అన్నాడు. చెట్టు, గొడుగు, కుర్చీ. అయిదు నిమిషాలయ్యాక అడిగాడు.

"చెట్టు, గొడుగు, కుర్చీ. గొడుగంటే గుర్తొచ్చింది సార్. నాలుగేళ్ళ కిందట వానలో మీరు మా బస్సెక్కి, ఆసుపత్రి స్టాపులో దిగుతూ గొడుగు మరిచిపోయారు. నల్లది, పిడి కాస్త విరిగుంది. పోయిన వస్తువుల బీరువాలో రెండో అరలో ఉంది. కబురు పెడితే మీది కాదన్నారు."

డాక్టరు దగ్గాడు. 'జ్ఞాపకశక్తి అవసరానికి మించి ఉన్నది' అని రాసి సంతకం చేశాడు.

ఆ కాగితం చూశాక మేనేజరు కుదుటపడాల్సింది పోయి ఇంకా కంగారు పడ్డాడు. "మీకు బాగానే ఉంటే యంత్రమే చెడిపోయుంటుందన్నమాట. హెడ్డాఫీసుకి రాస్తాను. దాన్ని బాగుచేసేదాకా మీ పరీక్ష ఆపుతాను. పెద్దగా ఏం కాదు, మూడు నెలలు."

మూడు నెలలు! ఇంకో నెలకే నలభై అయిదు నిండుతాయి. కండక్టరమ్మ వేళ్ళ మీద లెక్క కట్టింది. ఇరవై ఏడు గళ్ళు కొట్టేసింది. ఇరవై ఏడు తెల్లవారుజాములు. అదంతా ఒక ఉత్తరం దెబ్బకు నీళ్ళపాలు కాబోతోంది. ఏడుపొచ్చింది. కానీ మేనేజరు ముందు ఏడిస్తే ఆయన జాలిపడతాడు, ఆ జాలి ఆమెకు ఇదివరకే ఒకసారి తగిలింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ గదిలో ఆమె కూర్చోవడం అదే మొదటిసారి.

"నేను ఇక్కణ్ణుంచి కదలను సార్."

"అమ్మా, మీరలా మొండికేస్తే..."

"మొండికే. పరీక్ష రేపే పెట్టండి. ఇదే గదిలో, మీ కళ్ళ ముందే. ట్రైనింగ్ ఆఫీసరు గారిని పిలవండి. డాక్టరు గారిని కూడా పిలవండి, నేను మధ్యలో మరిచిపోతే చూసుకుంటారు. పాసయితే యంత్రం బాగున్నట్టు. తప్పితే నా మూడో అవకాశం అయిపోయినట్టు. మీరెవ్వరికీ ఏమీ రాయక్కర్లేదు."

రాయక్కర్లేదు అన్న ఆఖరి మాట మేనేజరుకు నచ్చింది. ఫోన్ తీశాడు. ట్రైనింగ్ ఆఫీసరు ఒక నిమిషం ఆలోచించి, సరేనంది.

సాయంత్రం ఇంటికొచ్చి సంగతంతా చెప్పేసరికి ముగ్గురి మొహాల్లోనూ నెత్తురు చుక్క లేదు. జ్ఞాపకశక్తి, వైద్యపరీక్ష, ఆగబోయిన పరీక్ష... దీనికంతటికీ కారణం తానొక్కడేనని దర్జీ అనుకున్నాడు. తానేనని అత్తగారు అనుకున్నారు. కూతురికైతే సందేహమే లేదు. చెప్పేద్దామని ముగ్గురూ ఒకేసారి నోళ్ళు తెరిచి, మిగతా ఇద్దరూ తెరవడం చూసి మూసేశారు.

"యూనిఫాం ఇటివ్వు, ఇస్త్రీ చేస్తాను" అన్నాడు దర్జీ.

"పొద్దున చేశారుగా."

"ఇంకోసారి చేస్తే తప్పేంటోయ్?"

కూతురు చెప్పులు తుడిచింది. అత్తగారు వంటింట్లోకి వెళ్ళి కోడలికి టీ పెట్టి, తానే తెచ్చిచ్చారు. ఇరవై రెండేళ్ళలో అలా ఇవ్వడం కండక్టరమ్మ ఎరగదు. వీళ్ళంతా తాను తప్పుతానని నిశ్చయించుకున్నారని, అందుకే ఇంత మర్యాద చేస్తున్నారని ఆమెకు అర్థమైంది. ఇంట్లోవాళ్ళకే నమ్మకం లేకపోతే ఇంకెవరికుంటుంది? టీ తాగేసింది. ట్యాబ్‌ను మాత్రం ఆ పూట ఎవరూ ముట్టుకోలేదు. అది ఇరవై ఏడు రోజుల్లో మొదటిసారి విశ్రాంతి తీసుకుంది.

మర్నాడు పదింటికి మేనేజరు గదిలో బల్లకు ఒక పక్క ఆమె, మిగతా మూడు పక్కలా మేనేజరు, ట్రైనింగ్ ఆఫీసరు, డాక్టరు కూర్చున్నారు. డబ్బా మాస్టారు పరీక్ష మొదలుపెట్టాడు.

మొదటి ప్రశ్నే ఇరవై నాలుగో పాఠంలోది. రూటులో ఎనిమిది బస్సులు, ఒక్కో బస్సుకు రోజుకు ఇద్దరు కండక్టర్లు, ఒక్కొక్కరికి వారానికి ఒకరోజు సెలవు. మొత్తం ఎంతమంది కండక్టర్లు కావాలి? మేనేజరు కళ్ళు తేలేశాడు. డాక్టరు కిటికీలోంచి బయటికి చూశాడు. కండక్టరమ్మ పెన్సిలు తీసింది. రోజుకు పదహారు డ్యూటీలు. వారానికి నూట పన్నెండు. ఒక్కొక్కరు ఆరు చేస్తారు. పద్దెనిమిది దాటి ముక్క మిగిలింది.

"మనిషిని ముక్కలు చెయ్యలేం. పంతొమ్మిది" అని పైకే అని, నొక్కింది. పచ్చగుర్తు.

వెంటనే మాస్టారు, 'పద్నాలుగు, నలభై. వీటిలో పెద్దది ఏది?' అన్నాడు.

మేనేజరు ఆఫీసరు వైపు చూశాడు. "చూశారా, చెడిపోయిందన్నానా?" అన్నాడు. కండక్టరమ్మ మాత్రం చిన్నబుచ్చుకోలేదు, నవ్వలేదు. కష్టమైన ప్రశ్నను ఎలా చదివిందో దీన్నీ అలాగే రెండుసార్లు చదివి నలభై నొక్కింది. ఆ తర్వాత రెండు బస్సులు కలిసే లెక్క. ఆ తర్వాత వందలో సగం ఎంత. ఆ తర్వాత చెడిపోయిన బస్సు బదులు ఏ రూటు బస్సును మళ్ళించాలి అన్నది. కొండెక్కించి, దింపి, మళ్ళీ ఎక్కించాడు. ఆమెకు ఈ ఆట కొత్తకాదు. ఇరవై ఏడు రోజులుగా ఆడుతున్నదే. మాస్టారు ఎటు మళ్ళితే అటు, తొణక్కుండా మళ్ళింది. మధ్యలో రెండు తప్పులు పోయాయి. పోనీ అనుకుంది. తర్వాతి ప్రశ్న చూసుకుంది.

గంటన్నర తర్వాత తెర మీద 'ఉత్తీర్ణత' అని పడింది. కింద నూటికి ఎనభై ఆరు.

ఆమెకు చదవడం చేతకాలేదు. అక్షరాలన్నీ అలుక్కుపోయాయి. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చదివింది. ఎనభై ఆరే. మేనేజరు లేచి నిలబడ్డాడు. "మీ బుర్ర పాదరసం అమ్మా" అన్నాడు. దయగా కాదు, నిజంగానే.

"యంత్రం కూడా బాగానే ఉంది సార్" అంది ట్రైనింగ్ ఆఫీసరు. ఆవిడ ఫైలులోంచి ఆ పాత ఉత్తరం బయటికి తీసి, పిన్ను వదులు చేసి తిప్పింది. "కారణాలు రెండు ఉండవచ్చు అని రాసుందిగా. రెండోది వెనక పేజీలో ఉంది. మీరు చదవలేదా?"

మేనేజరు గది పైకప్పు పరీక్షించసాగాడు.

ఆఫీసరు ఆ పేజీ చదివి, కండక్టరమ్మ వైపు ఒకలా చూసి, నవ్వు ఆపుకుంది. "ఇవాళ అడగాల్సినవన్నీ పైనుంచి కిందిదాకా ఎందుకడిగిందో ఇప్పుడు తెలిసింది. ఎదురుగా ఉన్నదెవరో తేల్చుకోవాలనుకుంది. తేలింది. మా ముగ్గురి ముందు మీరొక్కరే రాశారు, కాబట్టి ఈ కాగితంతో నాకు పనిలేదు. మీ ఇంటికే పనికొస్తుంది. పట్టుకెళ్ళండి."

కండక్టరమ్మ ఆ పేజీని బస్టాండులో నిలబడి ఒకసారి, బస్సులో కూర్చుని ఒకసారి చదివింది. మొదటిసారి నమ్మలేదు. రెండోసారి ఒళ్ళు మండింది. నెలరోజులు దాచారు! తనకు మతి పోతోందేమోనని వారంగా రోజూ నీళ్ళు తాగింది, మాత్రలు అడుగుదామా అనుకుంది, పొద్దున లేవగానే ఇంట్లోవాళ్ళ పేర్లన్నీ ఒకసారి మనసులో అనుకుని చూసుకుంది.

ఇంటికొచ్చేసరికి ముగ్గురూ ముందుగదిలోనే వరసగా కూర్చుని ఉన్నారు. పాసయ్యానని చెప్పింది. దర్జీ కత్తెర కింద పెట్టి కళ్ళొత్తుకున్నాడు. కూతురు ఎగిరి మెడ పట్టుకుంది. అత్తగారు గడప వైపు చూస్తూ, "ఎనభై ఆరంటే ఫస్టు క్లాసే" అన్నారు.

"కూర్చోండి. ఒకటి చదవాలి" అంది కండక్టరమ్మ. ఆ గొంతు విని ముగ్గురూ కూర్చున్నారు.

"'రెండో కారణం, ఇదే ఎక్కువ నిజం కావచ్చు. ఈ నంబరు మీద నలుగురు చదువుతున్నారు.'"

గదిలో కుట్టుమిషను కూడా ఊపిరి బిగబట్టింది.

"'మధ్యాహ్నం మూడింటికి వచ్చేవారికి అన్నీ తెలుసు. మేము కొత్తగా నేర్పగలిగేది లేదు. వారు మెచ్చుకోలు కోసం వస్తున్నట్టున్నారు.'"

అత్తగారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు.

"'సాయంత్రం వచ్చేవారికి కూడా అన్నీ తెలుసు. కానీ తెలిసీ తప్పు చెబుతున్నారు. ఏమీ తెలియనివారికి కూడా అప్పుడప్పుడు పొరపాటున సరైన జవాబు తగులుతుంది. వీరికి ఒక్కసారి కూడా తగల్లేదు. భోజనవేళ వచ్చేవారికి ఏమీ తెలియదు. కానీ ఎన్నడూ సందేహించరు.'"

"అమ్మా, నీకు తేలిక పేపరు రావాలని..." అంది కూతురు. "నీ పరువు నిలబెడదామని అమ్మాయ్..." అన్నారు అత్తగారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని తెల్లబోయారు.

"ఆగండి!" అంది కండక్టరమ్మ. "ఒకరు నన్ను మొద్దుని చేద్దామని, ఒకరు పండితురాల్ని చేద్దామని! నాకొస్తుందని ఒక్కరన్నా అనుకున్నారా? ముగ్గురుండి, ఒక్కరన్నా? నన్ను అడిగుంటే సరిపోయేదిగా! అత్తయ్యా, మీరు నా పక్కన కూర్చుని చెప్పుంటే వద్దంటానా?"

"అప్పుడు అన్నావుగా" అన్నారు అత్తగారు చిన్నగా.

"అది ఇరవై రెండేళ్ళ కిందటి మాట. అప్పుడు నాకు బుద్ధి లేదు."

అత్తగారు కొంచెం జరిగి, పక్కన చోటిచ్చారు. కండక్టరమ్మ కూర్చుంది. మోకాళ్ళు హమ్మయ్య అన్నాయి. కాగితంలో ఇంకొక్కటే మిగిలింది. అది నెమ్మదిగా చదివింది.

"'నాలుగో వ్యక్తి రోజూ ఉదయం అయిదింటికి వస్తారు. ఒకసారి చేసిన తప్పు మళ్ళీ చేయరు. ఎంత పైకి పంపినా వస్తారు, ఎంత కిందికి దించినా వస్తారు. నలుగురిలో నేర్చుకుంటున్నది ఈ ఒక్కరే.'"

దర్జీ ఆ కాగితం అందుకుని, టేపుతో కొలుస్తున్నట్టు ఒక్కో వరుసా వేలితో జరుపుకుంటూ మొదటినుంచీ చదివాడు. తర్వాత గర్వంగా తలెత్తాడు.

"తెలిసీ తప్పు చెప్పే మనిషి అన్నాడే, అది నేనే కదూ?"

అందరూ కలిసి చదివి పాసైన రోజు కాబట్టి, ఆయన్ని ఎవరూ కాదనలేదు.